డ్రగ్ కేసు ఉంటే కాలేజీ ఎయిడ్ రాదా? అపోహలు - వాస్తవాలు

నేను టెక్సాస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పనిచేస్తాను. తెలుగు పేరు చూసి కొందరు తల్లిదండ్రులు నేరుగా నాకే ఫోన్ చేస్తారు. సంగతి "మా ఫ్రెండ్ వాళ్ళబ్బాయి" అని మొదలవుతుంది, రెండు నిమిషాల్లో "మావాడే అండీ" అవుతుంది. కార్లో వేప్ పెన్ (గంజాయి నూనె పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్) దొరికింది, కేసయింది, ఇంక ఫాఫ్సా (కాలేజీ చదువుకి ఫెడరల్ ప్రభుత్వ సాయం అడిగే ఫారం) నింపి ఏం లాభమని ఈ ఏడాది వదిలేశాం అంటారు. కేసు సంగతి ఎలా ఉన్నా, ఫారం వదిలేశామన్న మాటకే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: డ్రగ్ కేసులో శిక్ష పడితే ఫెడరల్ ఎయిడ్ ఇవ్వరు.

ఒకప్పుడు నిజమే. 1998లో చట్టం మార్చి ఈ నిబంధన తెచ్చారు. డ్రగ్ దగ్గరుంచుకున్నందుకు మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్ళు, మూడోసారి గడువే లేకుండా ఎయిడ్ ఆపేవారు. అమ్మితే మొదటిసారే రెండేళ్ళు. 2006లో దాన్ని ఎయిడ్ తీసుకుంటున్న కాలంలో జరిగిన నేరాలకే పరిమితం చేశారు. 2020 డిసెంబరులో కాంగ్రెస్ మొత్తానికే ఎత్తేసింది. ఫాఫ్సాలో డ్రగ్ శిక్ష గురించి ఒక ప్రశ్న ఉండేది. 2021-22 నుంచి దానికి ఏం జవాబిచ్చినా ఎయిడ్ ఆగలేదు, 2023-24 ఫారంలో ప్రశ్నే తీసేశారు. పెల్ గ్రాంటుకైనా (తక్కువ ఆదాయం వాళ్ళకు తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం), లోనుకైనా, వర్క్-స్టడీకైనా (చదువుకుంటూ చేసే పార్ట్‌టైమ్ పని) ఇదే వర్తిస్తుంది. పదేళ్ళ కిందట ఫారం నింపిన కజిన్‌కి ఆ ప్రశ్న గుర్తుంటుంది, భయం అక్కడినుంచి ఇంట్లోకి వస్తుంది. ఒక్క మినహాయింపు: 1988 చట్టం ప్రకారం జడ్జి శిక్షలో భాగంగా ఫెడరల్ ప్రయోజనాలు ఆపమని ప్రత్యేకంగా ఆదేశించవచ్చు. తీర్పు కాగితంలో అలాంటి మాట ఉందేమో లాయర్‌తో చూపించుకోండి.

అపోహ: జైల్లో ఉన్నవాళ్ళకు పెల్ రాదు.

1994 నుంచి ఆ నిషేధం ఉండేది. 2023 జులై 1 నుంచి, ఆమోదం పొందిన జైలు విద్యా కార్యక్రమంలో చేరినవారికి పెల్ వస్తోంది. ఫెడరల్ లోన్లు మాత్రం లోపల ఉండగా రావు.

అపోహ: ఫెడరల్ ఫారం అడగడం లేదు కాబట్టి ఇంకెవరూ అడగరు.

మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. మా దగ్గర రెండేళ్ళు చదివి యూనివర్సిటీకి మారే పిల్లలు టెక్సాస్ గ్రాంట్ మీద ఆశ పెట్టుకుంటారు. అది రాష్ట్రం డబ్బు, దాని రూలు వేరు. ఫెలనీగానీ (పెద్ద నేరం) డ్రగ్ నేరంగానీ రుజువై ఉంటే ఇవ్వరు. శిక్ష లేదా ప్రొబేషన్ పూర్తయి రెండేళ్ళు గడిస్తే మళ్ళీ అర్హత వస్తుంది.

రెండోది ట్యాక్స్. కాలేజీ ఖర్చు మీద ట్యాక్స్‌లో ఏడాదికి 2,500 డాలర్ల దాకా తగ్గించే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్, ఆ సంవత్సరాంతానికి విద్యార్థి మీద డ్రగ్ ఫెలనీ రుజువై ఉంటే రాదు. మిస్‌డిమీనర్ (చిన్న నేరం) అయితే ఇబ్బంది లేదు. ఫెలనీ ఉన్నా లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కింద 2,000 వరకు అడగొచ్చు, అందులో ఈ షరతు లేదు. సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా రిటర్న్ వేసుకునేవాళ్ళు డ్రగ్ ఫెలనీ ఉందా అన్న ప్రశ్న చదవకుండానే క్లిక్ చేసేస్తారు.

వేప్ పెన్ మాట ఎందుకెత్తానంటే, టెక్సాస్‌లో రెండు ఔన్సుల లోపు గంజాయి ఆకు మిస్‌డిమీనర్. టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) నూనె నింపిన పెన్ మాత్రం ఒక గ్రాము లోపున్నా ఫెలనీ. "చిన్న పెన్నే కదండీ" అని నాతో చాలామంది అన్నారు.

అపోహ: డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇచ్చారు, కేసు లేనట్టే.

డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటే తీర్పు వాయిదా వేసి ప్రొబేషన్‌లో ఉంచడం, అది సరిగా పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు. టెక్సాస్ చట్టంలో చాలావరకు అది శిక్ష కింద లెక్క కాదు. కానీ ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్షగానే చూస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్న పిల్లాడికి ఫెడరల్ ఎయిడ్ హాయిగా వస్తుంది, అదే కేసు మీద డిపోర్టేషన్ నోటీసూ రావచ్చు. 30 గ్రాముల లోపు గంజాయి సొంతానికి ఒక్కసారి దొరికితే డిపోర్టేషన్ నుంచి మినహాయింపు ఉంది. అయినా దాన్ని నమ్ముకుని ఇండియా టికెట్ కొనకండి, తిరిగొచ్చేటప్పుడు చూసే రూలు వేరు. క్రిమినల్ లాయర్ చెప్పారని కోర్టు ఒప్పందం మీద పిల్లాడితో సంతకం పెట్టించే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాలి. ఎఫ్-1, హెచ్-4 వీసాల మీదున్న పిల్లలకైతే ఫెడరల్ ఎయిడ్ మొదటినుంచీ లేదు, దానికీ కేసుకూ సంబంధం లేదు.

అపోహ: మావాడికి ఎయిడ్ ఆగింది, కేసు వల్లే.

ఫైలు తెరిస్తే నాకు ఎక్కువగా కనిపించేది చదువు లెక్క. కోర్టు తేదీలు, రిహాబ్ అంటూ సెమిస్టర్ మధ్యలో వదిలేస్తారు. ఎఫ్‌లు (ఫెయిల్), డబ్ల్యూలు (మధ్యలో మానేసిన కోర్సులు) పడతాయి. చాలా కాలేజీల్లో 2.0 జీపీఏ, తీసుకున్న కోర్సుల్లో 67 శాతం పూర్తి ఉండాలి. అది తగ్గితే ఎయిడ్ ఆగుతుంది. దీనికి అప్పీలు ఉంది. అప్పీల్లో రెండు విషయాలు రాయాలి: అప్పుడేం జరిగింది, ఇప్పుడేం మారింది. రిహాబ్‌కి వెళ్ళి ఉంటే డిశ్చార్జి కాగితం, కోర్టు తేదీల కాపీ జతచేయండి. పరువు పోతుందని "కుటుంబ సమస్యలు" అని ఒక్క ముక్క రాసి పంపితే నా చేతిలో ఏమీ ఉండదు, ఆధారం లేదని తిప్పి పంపాల్సి వస్తుంది.