పిస్టన్లు మార్చే ముందు: ఇంజిన్ పని మీద అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మా ఇంజిన్ షెడ్డుకు ఈ మధ్య రెండు రకాల వాళ్లు వస్తున్నారు. బండి పొగ కక్కుతోంది, ఆయిల్ తాగేస్తోంది అని వచ్చేవాళ్లు ఒక రకం. "ఎలాగూ ఇంజిన్ దించుతున్నారు కదన్నా, ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేసేద్దామేటి?" అని అడిగే కుర్రాళ్లు రెండో రకం. ఫోర్జ్‌డ్ అంటే లోహాన్ని అదిమి చేసిన గట్టి పిస్టన్. ఇద్దరికీ ముందు చెప్పే మాట ఒకటే. పిస్టన్ (సిలిండర్‌లో పైకీ కిందకీ ఆడే ముక్క) ఖరీదు తర్వాత చూద్దాం. సిలిండర్ కొలత ఎంతుంది, మీరు ఏ పెట్రోలు కొట్టిస్తారు, బండిని ఎలా నడుపుతారు అన్నవి ముందు తేలాలి. వాటికి కుదరని పిస్టన్ ఎంత గొప్పదైనా డబ్బు దండగే.

అపోహ: షోరూమ్ డబ్బాలో రాని పిస్టన్ అంటే డూప్లికేటే.

వాస్తవం: కార్ల కంపెనీలు చాలావరకు పిస్టన్లను సొంతంగా తయారు చేసుకోవు, పిస్టన్ కంపెనీల దగ్గర కొంటాయి. ఆ పిస్టన్ కంపెనీలే సొంత పేరుతో బయట మార్కెట్‌కూ అమ్ముతాయి. అంతదాకా ఎందుకు, శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో పైడిభీమవరం దగ్గర సామ్‌క్రగ్ వాళ్ల పిస్టన్లు, రింగుల (పిస్టన్ చుట్టూ సందు మూసే పట్టీల) ఫ్యాక్టరీ ఉంది. మన జిల్లాల కుర్రాళ్లకు పిస్టన్ తయారీ కొత్తేమీ కాదు. బయటి మార్కెట్ పిస్టన్ వేరు, నకిలీ పిస్టన్ వేరు. నకిలీని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. సెట్‌లోని పిస్టన్లను ఒక్కొక్కటిగా గ్రాముల కాటా మీద పెట్టండి. మంచి సెట్‌లో ఒకటి రెండు గ్రాములకు మించి తేడా ఉండదు. పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్నుకు కొంచెం ఆయిల్ రాసి వేలితో నెడితే మెత్తగా జారాలి, లూజుగా కదలకూడదు. రింగు గాడిలో గరుకులు ఉండకూడదు. వీటిలో ఏది తేడాగా ఉన్నా ఆ సెట్ కొట్టుకు తిరిగిచ్చేయండి, మొహమాటపడొద్దు.

అపోహ: ఓవర్‌సైజ్ (సిలిండర్‌ను కొంచెం పెద్దది చేసి వేసే) పిస్టన్లు వేస్తే పికప్ పెరిగిపోతుంది.

వాస్తవం: లెక్క వేసి చూద్దాం. పాత స్విఫ్ట్ 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్ బోరు (సిలిండర్ అడ్డు కొలత) 73 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 71.5 మి.మీ., నాలుగు సిలిండర్లు, మొత్తం 1197 సీసీ. అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ వేస్తే అది 1213 సీసీ అవుతుంది. పెరిగింది 16 సీసీ, అంటే ఒకటిన్నర శాతం కూడా లేదు. సీటులో కూర్చున్నవాడికి అది తెలియదు. ఇంజిన్ పని తర్వాత "బండి ఎగిరిపోతోందన్నా" అని కస్టమర్లు అనడం నిజమే. ఆ తేడా ఓవర్‌సైజ్ వల్ల వచ్చింది కాదు. అరిగిపోయిన రింగుల పక్కనుంచి కిందకు జారిపోతున్న కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) మళ్లీ నిలబడింది, అంతే. ఓవర్‌సైజ్ అనేది అరిగిన సిలిండర్‌ను గుండ్రంగా చేసుకోవడానికి ఉన్న రిపేరు దారి.

అందుకే 0.25 మి.మీ. ఓవర్‌సైజ్‌తో సిలిండర్ శుభ్రంగా తేలుతుంటే 0.50 మి.మీ.కి పోవద్దు. తీసేసిన లోహం తిరిగి రాదు, గోడ పల్చబడుతుంది, మరోసారి పని పడితే చేతిలో ఏమీ మిగలదు. కొన్ని ఇంజిన్లలో సిలిండర్ గోడకు ఇనుప లైనర్ ఉండదు, సన్నటి గట్టి పూత మాత్రమే ఉంటుంది. వాటిని మామూలుగా బోరింగ్ చేస్తే (గోడను తొలిస్తే) ఆ పూత పోతుంది. మీ ఇంజిన్ ఏ రకమో లేత్‌కు పంపక ముందే కనుక్కోండి.

అపోహ: ఫోర్జ్‌డ్ పిస్టన్ అన్నిటికంటే మంచిది, కాబట్టి ఏ బండికైనా మంచిదే.

వాస్తవం: దీని మీద కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కుర్రాళ్లు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కంపెనీ పిస్టన్లు ఎక్కువగా కరిగిన అల్యూమినియాన్ని అచ్చులో పోసి చేసినవి. వాటిలో సిలికాన్ బాగా కలుస్తుంది, దానివల్ల వేడికి పెద్దగా ఉబ్బవు, అరుగుదల కూడా తక్కువ. ఫోర్జ్‌డ్ పిస్టన్‌ను లోహపు దిమ్మెను భారీ ఒత్తిడితో అదిమి చేస్తారు. దెబ్బను బాగా తట్టుకుంటుంది. అందులో రెండు మిశ్రమాలు వాడుకలో ఉన్నాయి. 4032 రకంలో సిలికాన్ దాదాపు 12 శాతం. 2618 రకంలో సిలికాన్ నామమాత్రం. ఈ రెండోది అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తట్టుకుంటుంది, వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కూడా.

ఉబ్బే పిస్టన్‌కు సిలిండర్‌లో చోటు వదలాలి. 73 మి.మీ. బోరులో మామూలు పిస్టన్‌కు 0.02 నుంచి 0.04 మి.మీ. వదిలితే చాలు. 2618కి దానికి రెండింతలో ఇంకా పైనో వదలాలి. ఎంతన్నది ఆ పిస్టన్ డబ్బాలో వచ్చే కాగితం మీద ఉంటుంది, దాన్నే పాటించాలి. అంత చోటు వదిలాక పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పిస్టన్ గోడకు తగిలి టకటకమంటుంది. వేడెక్కాక సర్దుకుంటుంది. రేసు బండికి అది ఇబ్బంది కాదు. రోజూ కంటోన్మెంట్ నుంచి కలెక్టరేట్ దాకా వెళ్లి వచ్చే కారు సరిగ్గా వేడెక్కే లోపే మళ్లీ ఆగిపోతుంది. అలాంటి బండిలో ఆ పిస్టన్ ఎక్కువ కాలం వదులుగానే తిరుగుతుంది, స్కర్టు (పిస్టన్ కింది భాగం) అరుగుతుంది, ఆయిల్ కూడా కాస్త ఎక్కువ తింటుంది.

మరి ఫోర్జ్‌డ్ ఎవరికి? టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పంకా) ఉన్న పెట్రోల్ ఇంజిన్‌కు బూస్ట్ (ఆ గాలి ఒత్తిడి) పెంచి, మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగు) మార్చి, గట్టిగా నడిపేవాళ్లకు. అక్కడ నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) వస్తే మామూలు పిస్టన్‌లో రింగుల మధ్య గట్టు పుటుక్కున విరుగుతుంది. టర్బో లేకుండా, కంపెనీ ట్యూనింగ్‌తో నడిచే కారుకు ఫోర్జ్‌డ్ వద్దనే చెబుతాను. అదే డబ్బుతో హెడ్ ఫేసింగ్, వాల్వ్ సీట్లు, ఆయిల్ పంపు, రేడియేటర్, క్లచ్ బాగుచేయించుకుంటే బండి నిజంగా బాగుపడుతుంది.

అపోహ: కంప్రెషన్ పెంచే పిస్టన్ వేస్తే పవర్, మైలేజీ రెండూ వస్తాయి.

వాస్తవం: వస్తాయి, కానీ చెప్పుకున్నంత కాదు. 9:1 ఉన్న కంప్రెషన్‌ను (గాలిని తొమ్మిదో వంతుకు నొక్కడం) 10:1 చేస్తే లాభం మూడు నాలుగు శాతం. 80 హార్స్‌పవర్ ఇంజిన్‌లో రెండు మూడు హార్స్‌పవర్లు. బదులుగా ఇంజిన్ ఎక్కువ ఆక్టేన్ (పెట్రోలు నాకింగ్‌ను తట్టుకునే శక్తి) అడుగుతుంది. 2020లో బీఎస్6 కాలుష్య ప్రమాణం వచ్చినప్పుడు మామూలు పెట్రోలుకు కనీస ఆక్టేన్ 91గా ఉండేది. ఇండియన్ ఆయిల్ 2020లో 100 ఆక్టేన్ పెట్రోలు తెచ్చింది, అది ఎంపిక చేసిన నగరాల్లో కొన్ని బంకులకే పరిమితం. రాజాం, పాలకొండ, చీపురుపల్లి దారిలో ట్యాంకు నింపుకోవాల్సినవాడు మామూలు పెట్రోలు మీద ఆధారపడే ఇంజినే కట్టుకోవాలి.

నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, ఎండాకాలం మధ్యాహ్నం శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కడం ఊహించుకోండి. తక్కువ స్పీడు, పెద్ద గేరు, పూర్తి లోడు. నాకింగ్‌కు ఇంతకంటే అనువైన సమయం ఉండదు. నాక్ సెన్సర్ ఉన్న కారైతే కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, మీరు డబ్బు పెట్టి కొన్న ఆ రెండు హార్స్‌పవర్లూ అక్కడే పోతాయి. సెన్సర్ లేని పాత బండైతే టింగ్ టింగ్‌మని శబ్దం వస్తుంది, దాన్ని పట్టించుకోకపోతే పిస్టన్ పోతుంది. ఇంకోటి, పై భాగం ఎత్తుగా ఉండే పిస్టన్ వేస్తే వాల్వులకు తగులుతుందేమో పూర్తిగా బిగించక ముందే చేత్తో తిప్పి చూడాలి. పిస్టన్ మీద మట్టి లాంటి క్లే పెట్టి, హెడ్ బిగించి, ఇంజిన్ రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి ఆ క్లే ఎంత మిగిలిందో కొలిచే మెకానిక్‌ను నమ్మొచ్చు.

అపోహ: డీజిల్ పిస్టన్ కరిగిందంటే పిస్టన్ నాసిరకం.

వాస్తవం: చాలాసార్లు తప్పు ఇంజెక్టర్‌ది (డీజిల్‌ను చిమ్మే ముక్కుది). డీజిల్‌ను కారుస్తున్న ఇంజెక్టర్ పిస్టన్ తలను ఒకే చోట కాల్చేస్తుంది. ఇంజెక్టర్లు బెంచ్ మీద టెస్ట్ చేయించకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ కరుగుతుంది. డీజిల్ పిస్టన్ తలలో ఉండే గిన్నె ఆకారం ఇంజెక్టర్ చిమ్మే కోణానికి సరిపోయేలా చేసింది, దాన్ని మార్చి ప్రయోగాలు చేయొద్దు. చాలా డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొచ్చిందో డయల్ గేజ్‌తో కొలిచి, దాన్నిబట్టి హెడ్ గాస్కెట్ మందం ఎంచుకోవాలి. పాతది ఏదుంటే అదే తెమ్మనడం సరికాదు.

అపోహ: నీలం పొగ వస్తే పిస్టన్ సెట్ మార్చాల్సిందే.

వాస్తవం: వాల్వ్ సీల్స్ (వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపే రబ్బర్లు) గట్టిపడినా అదే పొగ వస్తుంది, ముఖ్యంగా రాత్రంతా నిలబెట్టి పొద్దున్న స్టార్ట్ చేయగానే. ఇంజిన్ దించక ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే అందులో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగు పెరిగితే రింగులు లేదా బోరు. పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్. అరగంట పని ఇది, మీకు వేలల్లో ఖర్చు తప్పించవచ్చు.

పాత బండ్ల సంగతి వేరు. పద్మిని, కాంటెస్సా లాంటివాటికి బయటి పిస్టనే దారి, అక్కడ కావాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. సైజు సరిగ్గా దొరికిందా అన్నదే ముఖ్యం.

ఇంజిన్ మార్పులు చేసేవాళ్లు ఆర్సీ కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున మీకే అడ్డం తిరుగుతుంది.

అపోహ: ముందు బోరింగ్ చేయించేసి, తర్వాత తీరిగ్గా పిస్టన్లు కొనుక్కోవచ్చు.

వాస్తవం: ఇది తలకిందుల పని. పిస్టన్లు చేతికొచ్చాక, ఒక్కోదాన్ని స్కర్టు దగ్గర పిన్నుకు అడ్డంగా మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ కొలతకే ఆ సిలిండర్ బోరింగ్, హోనింగ్ (గోడను సన్నగా రాపిడి) చేయాలి. సిలిండర్‌ను పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో బోర్ గేజ్‌తో చూడాలి. రింగును సిలిండర్‌లోకి దించి, పిస్టన్‌తో సమంగా నెట్టి, ఫీలర్ గేజ్‌తో రింగు రెండు కొనల మధ్య సందు చూడాలి. 73 బోరుకు టర్బో లేకపోతే 0.3 మి.మీ. దగ్గర ఉంటుంది. మరీ తక్కువైతే వేడికి కొనలు తగులుకుని సిలిండర్ గీసుకుపోతుంది. పిస్టన్ తల మీది బాణం ఎటు చూడాలో మాన్యువల్‌లో ఉంటుంది, చాలా ఇంజిన్లలో టైమింగ్ వైపు. ఈ కొలతలన్నీ కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వలేనివాడికి ఖరీదైన పిస్టన్లు అప్పగించొద్దు.

కొత్త రింగులు కూర్చునేదాకా బండిని గంటల తరబడి ఐడిల్‌లో ఉంచొద్దు, హైవే మీద ఒకే స్పీడులో తోలొద్దు. ఓ మోస్తరు లోడు మీద స్పీడు పెంచుతూ తగ్గిస్తూ నడపండి, కూలెంట్, ఆయిల్ మట్టం రోజూ చూడండి. వెయ్యి కిలోమీటర్ల లోపే ఆయిల్, ఫిల్టర్ మార్చి, కంప్రెషన్ మరోసారి చూపించి, ఆ రీడింగులు పాత కాగితం పక్కనే రాసిపెట్టుకోండి.