నల్లసముద్రంలో నాచు: డ్యామ్ పాపమెంత?

గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఒక చెంబెడు ముంచి కదపకుండా ఉంచితే కాసేపటికి ఒండ్రు అడుగుకు దిగి, పైన నీరు తేటపడుతుంది. డ్యామ్ చేసేదీ అదే, కాకపోతే చెంబు చాలా పెద్దది. ఒండ్రు ఆగిపోవడం కంటికి కనిపిస్తుంది. కనిపించని సరుకు ఇంకొకటి కూడా అక్కడే ఆగిపోతుందా, దాని దెబ్బ వందల కిలోమీటర్ల దిగువన సముద్రానికి తగులుతుందా అన్న వాదన ఎక్కువగా నడిచింది నల్లసముద్రం చుట్టూనే.

ఆ సరుకు సిలికా. కొండరాళ్లు అరిగి నీళ్లలో కరిగి వచ్చేది. గాజుకు మూలమైనదీ అదే. సముద్రంలో డయాటంలు అనే సూక్ష్మమైన ఆల్గే (నాచు) దీనితోనే ఒంటి చుట్టూ గాజు డబ్బీలాంటి పెంకు కట్టుకుంటుంది. దానికి నైట్రోజన్ ఎంత కావాలో, అణువుల లెక్కన సిలికా కూడా ఇంచుమించు అంతే కావాలి. సన్నజీవులు డయాటంలను తింటాయి, ఆ జీవులను చేపలు తింటాయి. సిలికా కరువై నైట్రోజన్ మిగిలిపోతే మాత్రం పెంకుతో పనిలేని ఆల్గేకి పండగే. వాటిలో చేపలకు అంతగా అక్కరకు రానివి ఉన్నాయి, విషం చిమ్మేవీ ఉన్నాయి.

జర్మనీ అడవుల్లో పుట్టిన డాన్యూబ్ నది సుమారు 2,850 కిలోమీటర్లు పారి నల్లసముద్రంలో కలుస్తుంది. సముద్రానికి 940 కిలోమీటర్ల ఎగువన, ఐరన్ గేట్స్ అనే ఇరుకు లోయలో రొమేనియా, అప్పటి యుగోస్లావియా కలిసి 1964లో డ్యామ్ పని మొదలుపెట్టి 1972లో ముగించాయి. అదా కాలే అనే చిన్న లంక, అందులోని తుర్కుల ఇళ్లు, మసీదు, బజారుతో సహా నీట మునిగింది. ముంపు ఊళ్ల గోడు మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

అదే కాలంలో ఎగువ దేశాల పొలాల్లో రసాయన ఎరువుల వాడకం జోరందుకుంది. 1973లో నల్లసముద్రపు వాయవ్య తీరంలో అడుగున ఆక్సిజన్ అయిపోయి చేపలు, ఆల్చిప్పలు కుప్పలుగా చచ్చాయి. నదిలో కొట్టుకొచ్చిన ఎరువులతో విపరీతంగా పెరిగిన ఆల్గే చచ్చి అడుగుకు దిగి కుళ్లితే ఆ కుళ్లే ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఆ తర్వాత అది ఏటా వచ్చే బెడదైంది.

1997లో శాస్త్రవేత్త క్రిస్టాఫ్ హంబోర్గ్ బృందం నేచర్ అనే సైన్స్ పత్రికలో వేలు డ్యామ్ వైపు చూపించింది. 1970ల తర్వాత డాన్యూబ్ మోసుకొచ్చే సిలికా మూడింట రెండొంతులు తగ్గిందని, అందుకే డయాటంల చోటును ఇతర ఆల్గే ఆక్రమించిందని అన్నది. వివరణ నమ్మేలాగే ఉంది. జలాశయంలో నీరు నిలిచి తేటపడితే ఎండ లోపలికి దిగుతుంది, మంచినీటి డయాటంలు పెరుగుతాయి, సిలికాను పెంకుల్లో దాచుకుని చచ్చి బురదలో చేరతాయి. నైట్రోజన్, ఫాస్ఫరస్ లోటును డ్యామ్ దిగువన పొలాలు, మురుగు కాలువలు పూడ్చేస్తాయి. సిలికాను పోసేవాళ్లు ఎవరూ లేరు.

నైలు నదిది ఇంకో దారి. 1964లో అస్వాన్ హై డ్యామ్ నీటిని ఆపాక వరదతో పాటు ఏటా తీరంలో వచ్చే డయాటంల పొంగు ఆగింది. 1962లో దాదాపు 18 వేల టన్నులు పడిన సార్డీన్ చేప ఆ దశాబ్దం చివరికి వెయ్యి టన్నులకు కూడా రాలేదు. 1980ల నుంచి చేపలు మళ్లీ పెరిగాయి. ఎలాగంటే కైరో, అలెగ్జాండ్రియా మురుగు, డెల్టా పొలాల ఎరువుల పుణ్యమా అని! ఇది బాగుపడటం అనాలో వద్దో నాకైతే తేలడం లేదు.

ఇక డాన్యూబ్ దగ్గరికొస్తే, స్విస్ పరిశోధకులు ఐరన్ గేట్స్ జలాశయంలోకి వచ్చే సిలికాను, బయటికి పోయే సిలికాను కొలిచి చూశారు. 2004లో వచ్చిన లెక్క ప్రకారం అక్కడ ఆగేది నాలుగైదు శాతమే. అంత పెద్ద తగ్గుదల నిజమే అయితే, జర్మనీ, ఆస్ట్రియాల్లోనూ ఉపనదుల మీదా వరసగా కట్టిన డ్యామ్‌లన్నిటినీ లెక్కలోకి తీసుకోవాలి. పాత కొలతల మీదా అనుమానాలు వచ్చాయి. అందరికంటే పెద్దగా కనిపించే డ్యామ్ కాబట్టి పాపమంతా దాని నెత్తిన రుద్దినట్టుంది.

1989 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలి, ఎరువుల సబ్సిడీ ఆగి, పెద్ద పశువుల ఫారాలు మూతపడ్డాయి. కొన్నేళ్లకే ఆ తీరంలో ఆల్గే పొంగులు తగ్గాయి, అడుగున ఆక్సిజన్ తిరిగి రావడం మొదలైంది. ఐరన్ గేట్స్ డ్యామ్, 1984లో దాని దిగువన కట్టిన రెండోదీ మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.