గాలి లేని టైరు: పంక్చర్ పోతే సరిపోతుందా?

1,200 కిలోల కారులో ఒక్కో చక్రం మీద సుమారు 300 కిలోల బరువు పడుతుంది. టైరులో 33 పీఎస్‌ఐ గాలి ఉందంటే చదరపు సెంటీమీటరుకు 2.3 కిలోల ఒత్తిడి. ఈ లెక్కన టైరు నేలకు ఆనే చోటు దాదాపు 130 చదరపు సెంటీమీటర్లు, అంటే పోస్టుకార్డంత. ఇంత బరువు మోసే గాలి తన వంతుగా చక్రానికి చేర్చే బరువు చాలా తక్కువ. కోట్ల సార్లు నొక్కి వదిలినా అరగదు. ఇంటిల్లిపాదీ సామానుతో ఊరు బయల్దేరితే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ కొట్టించుకోవచ్చు కూడా. గాలి లేని టైరు చేయాలనుకునేవారికి అసలు పోటీ ఈ గాలే.

ఫ్రాన్స్ టైర్ల కంపెనీ మిషెలిన్ 2005లో ట్వీల్ అనే గాలి లేని టైరును చూపించింది. 2019లో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌తో కలిసి అప్టిస్ అనే మరో గాలి లేని టైరును ప్రకటించింది. రెండింటి కట్టడమూ ఇంచుమించు ఒకటే: బయట నేలకు ఆనే మామూలు రబ్బరు పొర (ట్రెడ్), దాని అడుగున సాగని గట్టి పట్టీ, మధ్యలో వంగే స్పోకులు, లోపల లోహపు చక్రం. నేలకు ఆనినచోట స్పోకులు మడతపడి తప్పుకుంటాయి. బరువును మోసేవి పైభాగంలో సాగి బిగుసుకున్న స్పోకులే. ఇరుసు వాటికి వేలాడుతుంది. ఫోర్క్‌లిఫ్టులకు వేసే గట్టి రబ్బరు టైరులో బరువంతా కిందిభాగం మీదే పడుతుంది కాబట్టే అది మెత్తగా నడవదు.

చిక్కు వేగంతో మొదలవుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న చక్రం గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులో ప్రతి స్పోకూ ఒకసారి మడతపడి మళ్లీ సాగుతుంది. 60,000 కిలోమీటర్లు నడిచేసరికి అది మూడు కోట్ల సార్లు దాటుతుంది. వంగిన ప్రతిసారీ ప్లాస్టిక్ కొంత శక్తిని వేడిగా మింగేస్తుంది. ఆ శక్తి పెట్రోలు నుంచో బ్యాటరీ నుంచో రావాల్సిందే. ట్వీల్ స్పోకులు చేసిన పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ వేడెక్కి మెత్తబడితే ఇంకా ఎక్కువ వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. అప్టిస్ స్పోకుల్లో రబ్బరుతో పాటు గాజునారతో బలపరిచిన ప్లాస్టిక్ వాడారు.

రెండోది మోత. 60 స్పోకులున్న చక్రమైతే ఇదే వేగంలో సెకనుకు 880 సార్లు స్పోకు నేలవైపు వస్తుంది. అది చెవికి స్పష్టంగా వినబడే కూత. స్పోకుల మధ్య ఎడాన్ని కొద్దికొద్దిగా మార్చి ఆ కూతను చెదరగొట్టవచ్చు గానీ పూర్తిగా పోగొట్టలేం. తొలి ట్వీల్ నమూనాలు గంటకు 80 కిలోమీటర్లు దాటితే అదురూ మోతా ఎక్కువయ్యేవి.

మన రోడ్ల మీద నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది బురద. తెరిచి ఉన్న స్పోకుల మధ్య 100 గ్రాముల మట్టి ఒకవైపే ఇరుక్కుని ఎండిపోయిందనుకోండి. చక్రం మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 100 కిలోమీటర్ల వేగంలో అది చక్రాన్ని 22 కిలోల బలంతో బయటికి లాగుతుంది. స్టీరింగ్ వణుకుతుంది, బేరింగులు త్వరగా పాడవుతాయి. చక్రాలకు బ్యాలెన్సింగ్ చేసేటప్పుడు అతికించే సీసపు ముక్కలు 10, 20 గ్రాములవేనని గుర్తుంచుకుంటే ఆ తేడా అర్థమవుతుంది. స్పోకుల పక్కలు మూసేస్తే మట్టి చేరదు, కానీ వేడి బయటికి పోయే దారీ మూసుకుపోతుంది.

పైగా స్పోకుల గట్టిదనం ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. డ్రైవరు ఒక్కడే ఉన్న కారుకూ, అయిదుగురు ఎక్కి డిక్కీ నింపిన కారుకూ ఒకే స్ప్రింగు. నిండు బరువుకు సరిపడేలా చేస్తే ఖాళీ బండిలో కుదుపులు తప్పవు.

అందుకే ఇది ఎక్కడ నిలబడిందో చూడండి. ట్వీల్ స్కిడ్ స్టీర్ లోడర్లకూ (మట్టి ఎత్తిపోసే చిన్న యంత్రాలు) గడ్డి కోసే యంత్రాలకూ కుదిరింది. దాని కోసం 2014లో అమెరికాలోని సౌత్ కరొలినాలో ఫ్యాక్టరీయే పెట్టారు. అప్టిస్‌ను 2023లో సింగపూర్‌లో డీహెచ్‌ఎల్ డెలివరీ వ్యాన్లకు బిగించారు. ఫ్రాన్స్ తపాలా సంస్థ లా పోస్ట్ వ్యాన్ల మీదా పరీక్షించారు. 2024 నాటికి సొంత కార్లలోకి తేవాలన్న లక్ష్యం మాత్రం నెరవేరలేదు. వ్యాన్లకు దారి తెలుసు, బరువు తెలుసు, వేగం తక్కువ. పంక్చర్‌తో బండి ఆగిపోతే ఆ రోజు పంపకాలు ఆగిపోతాయి కాబట్టి ఎక్కువ ధర పెట్టినా గిట్టుబాటవుతుంది. సొంత కారుకు ఈ లెక్క కుదరదు. అప్టిస్‌లో టైరు, చక్రం విడదీయరాని ఒకే భాగం. ఒక స్పోకు తెగితే పక్క వీధి పంక్చర్ షాపులో చేయగలిగేదేమీ ఉండదు. నిబంధనల అడ్డూ ఉంది: ఐరోపా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 30వ నియమావళి గాలి టైర్ల కోసం రాసింది, మన దేశంలో తప్పనిసరి చేసిన టైర్ల నాణ్యతా ఉత్తర్వూ అంతే.

ఈలోగా పంక్చర్ బాధను చాలావరకు తగ్గించే దారులు చేతిలోనే ఉన్నాయి. గాలిని నెలకోసారి, బండి రెండు మూడు కిలోమీటర్లకు మించి నడవకముందే చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే దారిలో పీకేయకండి, గాలి మెల్లగా దిగుతున్నంతసేపు షాపు దాకా వెళ్లే వీలుంటుంది. కన్నం ట్రెడ్‌లో ఉండి 6 మిల్లీమీటర్లు మించకపోతేనే అతుకు పనికొస్తుంది. బయటి నుంచి దారం దూర్చడం కన్నా, టైరు విప్పించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారపు రబ్బరు అతుకు) వేయించడం మేలు. విప్పినప్పుడు లోపల నల్లటి రబ్బరు పొడి రాలిందంటే, గాలి లేకుండా నడపడంతో పక్కగోడ నలిగిపోయిందని అర్థం. ఆ టైరుకు అతుకు వేయించకండి, మార్చేయండి.

రేపు ఎవరైనా కారుకు గాలి లేని టైర్లు అమ్మజూపితే మూడు సంగతులు కాగితం మీద అడగండి: ఒక్కో చక్రం మోయగల బరువు, ఆ బరువుతో గంటల తరబడి నిలకడగా పోగల వేగం, స్పోకు తెగితే మార్చేది టైరా, మొత్తం చక్రమా.