రాచకొండను పోగొట్టింది పుస్తకాలేనా?

రేచర్ల పద్మనాయకుల రాజధాని కోట రాచకొండ మాట వచ్చిన ప్రతిసారీ నల్లగొండ వైపు ఒక నింద లేస్తుంది: "రాజు పుస్తకాల్లో మునిగాడు, రాజ్యం మునిగింది." ఇప్పుడు మళ్లీ లేచింది.

ఆ మాట పడుతున్నది సర్వజ్ఞ సింగభూపాలుడు. కాకతీయుల తర్వాత తెలంగాణలో కొంత భాగాన్ని ఏలిన రేచర్ల పద్మనాయక వంశపు రాజు. అనపోతానాయుడి కొడుకైన ఈయన 14వ శతాబ్దం చివర రాచకొండ నుంచి పాలిస్తూ సంస్కృతంలో 'రసార్ణవసుధాకరం' రాశాడు. నాయికలు ఎన్ని రకాలు, రసం ఎలా పుడుతుంది, నాటకం ఎలా కట్టాలి అని మూడు విలాసాల్లో, అంటే అధ్యాయాల్లో, ఓపిగ్గా విడమరిచాడు. 'కువలయావళి' నాటికా ఆయనదే. ఇంత రాసినవాడికి కోట పట్టించుకునే తీరిక ఎక్కడిది అన్నది ఆక్షేపణ.

దానికి ఊతం శ్రీనాథుడి చాటుకథ. కొండవీటి నుంచి గెలిచి తెచ్చిన 'నందికంత పోతరాజు' అనే పేరున్న కఠారిని, శ్రీనాథుడి పద్యానికి మురిసిపోయి రాజు తిరిగి ఇచ్చేశాడట. వినడానికి బాగుంటుంది. కానీ ఆ వంశంలో సింగమ పేరు ఒక్కరిది కాదు. కథలోని సింగడు, గ్రంథం రాసిన సింగడు ఒకరేనా అన్నది పండితుల్లో తెగని తగువు.

రాచకొండ పతనానికి అసలు మలుపు పానగల్ దగ్గర ఉంది. నల్లగొండ పక్కనున్న పానగల్లు కాదు, వనపర్తి జిల్లాలోని కోట. 1420 ప్రాంతంలో దక్కనును ఏలుతున్న బహమనీ సుల్తాను ఫిరోజ్ షా దాన్ని నెలల తరబడి ముట్టడించాడు. సైన్యంలో రోగాలు ప్రబలాయి. అంతకుముందు రాచకొండవాళ్లు బహమనీలతో పొత్తులో ఉండేవాళ్లు. ఈ యుద్ధంలో విజయనగరం వైపు తిరిగారు. విజయనగర రాజు దేవరాయలు గెలిచాడు. 1422లో ఫిరోజ్ గద్దె దిగి తమ్ముడు అహ్మద్ షా వచ్చాడు. రెండు మూడేళ్లకే ఆయన సైన్యం ఓరుగల్లు పట్టుకుంది. 1430ల్లో రాచకొండ వంతు వచ్చింది.

పొత్తు మార్చినప్పుడు పక్కింటి సుల్తాను పగ ఎంతదూరం వస్తుందో లెక్క వేసుకోవాలి. ఆ లెక్క తప్పింది. తప్పిన నాటికి గ్రంథం రాసిన సింగభూపాలుడి ఏలుబడి ముగిసి చాలా ఏళ్లయింది.

సంస్థాన్ నారాయణపురం వైపు నుంచి గుట్ట ఎక్కితే, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన ద్వారాలు కనిపిస్తాయి. ఆ కోటను గట్టి చేసింది ఆయన తండ్రే. కొడుకు చేతిలో గంటం ఉన్నన్నాళ్లూ రాచకొండ రాచకొండగానే ఉంది.