మంచం దించి నడిపించేదెవరు: ఒక పని వెనుక నూట పాతికేళ్ల కథ

మా అవ్వకు తుంటి ఎముక విరిగి కర్నూల్లో ఆపరేషన్ అయింది. రెండో రోజు పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ "ఈరోజు నడిపించండి" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు. ఎవరు నడిపించాలో ఆ మాటలో లేదు. వార్డంతటికీ సిస్టర్ ఒక్కతే. ఫిజియోథెరపిస్టు సాయంత్రం వస్తారన్నారు. సరేనని మా చిన్నాయన, నేను చెరో చంక కింద చెయ్యేసి అవ్వను లేపాం. నిలబడిందో లేదో కళ్లు తేలేసింది. వెనక్కి కూర్చోబెడదామంటే చక్రాల మంచం జరిగిపోయింది, బ్రేకు వేసి లేదు. అవ్వ మా చేతుల్లోంచి నేల మీదికి జారింది. దేవుడి దయ, ఎముకకు ఏమీ కాలేదు. కానీ ఆ భయానికి మూడు రోజులు మంచం దిగనంటే దిగనంది.

ఆపరేషన్ అయిన మనిషిని మర్నాడే నడిపించమని చెప్పే రోజు రావడానికి వైద్యానికి చాలా కాలం పట్టింది. ఆ నడిపించే మనిషికి పని నేర్పాలన్న ఆలోచన మాత్రం ఇప్పటికీ మన వార్డుల దాకా పూర్తిగా రాలేదు. నన్ను బాధపెట్టేది అదే.

పందొమ్మిదో శతాబ్దంలో విశ్రాంతే పెద్ద మందు. లండన్ సర్జన్ జాన్ హిల్టన్ విశ్రాంతి గొప్పతనం గురించి ఇచ్చిన ఉపన్యాసాలు 1863లో పుస్తకంగా వచ్చి, తరాల తరబడి డాక్టర్లకు పాఠమయ్యాయి. కడుపు కోస్తే రెండు మూడు వారాలు పడక, కాన్పయితే పది పద్నాలుగు రోజులు పడక. మనకూ ఇది కొత్త కాదు. బాలింతను మంచం దిగనియ్యకుండా, చెవుల్లో దూది పెట్టి, గాలి తగలకుండా చూసుకునే ఇళ్లలోనే మనమంతా పెరిగాం. ప్రేమంటే పడుకోబెట్టడమే అనుకున్నాం. అక్కడి పెద్ద డాక్టర్లూ అలాగే అనుకున్నారు.

దీనికి మొదట ఎదురు చెప్పినవాళ్లలో షికాగో డాక్టర్ ఎమిల్ రీస్ ఒకరు. కడుపు ఆపరేషన్ అయినవాళ్లను త్వరగా లేపితే మేలని 1899లోనే రాశారు. పట్టించుకున్నవాళ్లు తక్కువ. నలభై ఏళ్ల తర్వాత డెట్రాయిట్ సర్జన్ డేనియల్ లైట్‌హౌజర్ అదే మాట మళ్లీ గట్టిగా చెప్పి, 1941లో తన అనుభవాలు ప్రచురించారు. ఈసారి కాలం కలిసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మంచాలు చాలలేదు, నర్సులు చాలలేదు. లేవగలిగినవాళ్లను లేపక తప్పలేదు. లేచినవాళ్లు పడుకున్నవాళ్ల కంటే బాగా కోలుకోవడం కళ్లకు కనబడింది. 1947లో లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్, పడక వల్ల శరీరంలో ఏ భాగం ఎలా చెడుతుందో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక్కొక్కటిగా రాశారు. కాళ్లలో రక్తం గడ్డ కడుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది, పుండ్లు పడతాయి, ఎముక గుల్లబారుతుంది, మలబద్ధకం వస్తుంది, చివరికి మనసూ దిగజారుతుంది.

గుండెపోటు వచ్చినవాళ్లను అప్పట్లో వారాల తరబడి కదలనిచ్చేవాళ్లు కాదు. 1952లో బోస్టన్‌లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి చూపించారు. అనుమానం మిగిలినవాళ్లకు 1966లో డల్లాస్‌లో జరిగిన పరీక్ష జవాబిచ్చింది. ఆరోగ్యంగా ఉన్న అయిదుగురు యువకులను 20 రోజులు మంచంలోనే ఉంచితే, కష్టపడేటప్పుడు ఆక్సిజన్ వాడుకునే వాళ్ల శక్తి సగటున 27 శాతం పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షించారు. వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకే అలా అయితే, డెబ్బై దాటిన మా అవ్వకు ఆ మూడు రోజులు ఎంత నష్టమో తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

నాలుగో రోజు ఒక ఆయమ్మ వచ్చింది. ముందు కాలి బొటనవేలితో మంచం బ్రేకు నొక్కి, తుంటితో ఒకసారి మంచాన్ని తోసి చూసింది, కదల్లేదు. మంచం ఎత్తు తగ్గించింది. అవ్వను పక్కకు తిప్పి, కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టి ఊరికే నిల్చుంది. "తల తిరుగుతాందా అవ్వా? కొంచేపు అట్లే ఉండు. తొందరేం లేదు" అంది. ఆ కొంచేపట్లో అవ్వతో పాదాలు పైకీ కిందికీ ఆడించింది. హవాయి చెప్పులు తీసేయించి, వెనక పట్టీ ఉన్నవి వేసింది. కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడకుండా పైకి దోపింది. యూరిన్ బ్యాగును నడుము కంటే కిందికి ఉండేట్టు వాకర్‌కు తగిలించింది. నడుముకు వెడల్పాటి గుడ్డ బెల్టు కట్టి, అరచెయ్యి పైకి తిప్పి దాన్ని కింది నుంచి పట్టుకుంది. ఆపరేషన్ అయిన కాలి వైపు, అర అడుగు వెనకగా నిల్చుని, "ముందు వాకరు, తర్వాత నొప్పి కాలు, ఆమీట మంచి కాలు" అంది. ఆరోజు అవ్వ ఆరడుగులు వేసింది.

ఆమె చేసిన ప్రతి చిన్న పనికీ కారణముంది. రోజుల తరబడి పడుకున్న మనిషి ఒక్కసారిగా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది, బీపీ పడిపోతుంది. నిలబడిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ తగ్గితే డాక్టర్లు దాన్ని ప్రమాదంగా లెక్కిస్తారు. మా చేతుల్లో అవ్వ జారింది బహుశా అందుకే. చంకల కింద చెయ్యేసి లేపడం చూడ్డానికి సాయంలాగే ఉంటుంది. కానీ బరువంతా భుజం కీలు మీద పడుతుంది, మనిషి తూలితే పట్టు దొరకదు. పక్షవాతం వచ్చినవాళ్ల చచ్చుబడిన చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారే ప్రమాదముంది. మన ఇళ్లలో రోజూ జరిగే తప్పు ఇది. బెల్టు కూడా అందరికీ పనికిరాదు. కడుపు మీద కొత్త కుట్లున్నవాళ్లకు కట్టకూడదు. ఇక మనిషి నిజంగానే పడిపోతుంటే నిలబెట్టాలని పెనుగులాడకూడదు. దగ్గరికి పొదువుకుని, మన కాలి మీదుగా మెల్లగా నేలకు జారనిచ్చి, తల తగలకుండా కాపాడాలి. తర్వాత గబుక్కున లేపకుండా సిస్టర్‌ను పిలవాలి.

నడవలేనివాళ్లకు మంచంలోనే కీళ్లు ఆడించే వ్యాయామాలున్నాయి. కీలుకు పైనా కిందా రెండు చేతులతో ఆనిక ఇచ్చి, మెల్లగా, నొప్పి అన్న చోట ఆగిపోవాలి. బలవంతంగా వంచితే లాభం కంటే నష్టమే ఎక్కువ.

రోగి సంగతి తేలాక, లేపేవాళ్ల నడుము సంగతి తేలడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. రోగులను చేతులతో ఎత్తి ఎత్తి నర్సులు, సహాయకులు నడుము పోగొట్టుకుంటుంటే 'సరిగ్గా వంగడం నేర్చుకోండి' అని చెప్పి వదిలేశారు. 1996లో బ్రిటన్ నర్సుల సంఘం, తప్పనిసరి పరిస్థితిలో తప్ప రోగిని చేతులతో ఎత్తొద్దని నియమం పెట్టింది. అమెరికాలో 2007 నాటికి రోగి బరువు విషయంలో ఒకరు మోయదగ్గది 35 పౌండ్లేనని లెక్క తేల్చారు. అంటే దాదాపు 16 కిలోలు. మన వార్డుల్లో 70 కిలోల మనిషిని ఇద్దరు ఆయమ్మలు స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే చూసినవాళ్లకు ఈ లెక్క ఏమిటో అర్థమవుతుంది.

అసలు ఈ పని ఎవరిది? దేశంలో వైద్యం ఎలా ఉందో పరిశీలించిన భోర్ కమిటీ 1946లో మన దేశంలో 43 వేల మందికి ఒక నర్సు ఉందని రాసింది. అంత కొరతలో రోగిని లేపడం, తిప్పడం, నడిపించడం వెంట వచ్చిన బంధువుల నెత్తిన పడింది. సర్కారు ఆసుపత్రుల్లో ఎంఎన్ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ), ఎఫ్ఎన్ఓ (ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ) అనే సహాయకుల పోస్టులున్నాయి. వాళ్లు రోగిని ముట్టుకునే పని పొద్దస్తమానం చేస్తారు. మనం వాళ్లను పనివాళ్లుగా చూశామే గానీ నైపుణ్యమున్నవాళ్లుగా చూడలేదు. అమెరికాలో 1987 చట్టం నర్సింగ్ హోముల్లో చేసే సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ తప్పనిసరి చేసింది. నడిపించడం, కీళ్లు ఆడించడం ఆ పాఠాల్లో ఉన్నాయి. అక్కడా అంతా సవ్యంగా లేదు. ఆసుపత్రిలో రోగి పడి దెబ్బ తగిలితే ఆ అదనపు ఖర్చు ఇవ్వబోమని 2008లో మెడికేర్ (వృద్ధులకు అక్కడి సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా) చెప్పాక, పడతారన్న టెన్షన్‌తో రోగులను మళ్లీ మంచానికే పరిమితం చేస్తున్నారని అక్కడి వైద్యులే వాపోయారు.

మన సీమకు ఈ పని అవసరం ఏటేటా పెరుగుతూనే వచ్చింది. 1956లో కర్నూలు మెడికల్ కాలేజీ వచ్చింది, 2000లో అనంతపురానికి, 2006లో రిమ్స్‌తో కడపకు ఆ భాగ్యం దక్కింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆపరేషన్ అంటే అప్పు అనుకునే ఇళ్లకు అది పెద్ద ఊరట. కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు హైవే ప్రమాదాల్లో కాళ్లు విరిగినవాళ్లు సరేసరి. ఆపరేషన్లు ఇంటి దగ్గరికి వచ్చాయి, ఆపరేషన్ తర్వాతి నడక మాత్రం బంధువుల చేతుల్లోనే ఉండిపోయింది. ఇటీవలి ఏళ్లలో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనే కోర్సు వచ్చింది. రోగిని మంచం నుంచి కుర్చీకి మార్చడం, నడిపించడం అందులో నేర్పుతారు. అది చదివిన పిల్లలకు ఆ నైపుణ్యానికి తగ్గ జీతం, సర్కారు వార్డులో తగిన పోస్టు కావాలి.

మా ఆయమ్మ ఏ కోర్సూ చదవలేదు. ఒక ఫిజియోథెరపీ మేడమ్ వెనక నిలబడి చూసి నేర్చుకున్నానంది. డిశ్చార్జి రోజు ఇంట్లో మెట్ల గురించి అడిగితే, "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. నువ్వు ఎప్పుడూ అవ్వకు కింది మెట్టు మీదనే ఉండాల" అని నన్ను ఆసుపత్రి మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, తనే రోగిలా నిలబడి, బెల్టు నా చేతికిచ్చింది. రెండుసార్లు తప్పు పట్టుకున్నాను. మూడోసారికి సరేనంది.