తల్లి కప్పిన టోపీ

ఊటీ, కొడైకెనాల్ ఘాట్ రోడ్ల పక్కన తడి మట్టికట్ల మీద ముదురాకుపచ్చ పాచి ఒకటి పెరుగుతుంది. ఒంగి దగ్గరగా చూడండి. దానిలోంచి దారపు పోగుల్లాంటి కాడలు లేచి ఉంటాయి, ఒక్కో కాడ కొసన బొచ్చు టోపీ. దాని పేరు పోగోనేటమ్. గ్రీకులో పోగోన్ అంటే గడ్డం. చలిదేశాల బురదనేలల్లో ఎక్కువగా పెరిగే దాని దగ్గరి చుట్టం పేరు పాలిట్రైకమ్, అంటే బోలెడు వెంట్రుకలున్నది. అలాంటి టోపీయే ఒకచోట గడ్డమైంది, ఇంకోచోట జుట్టైంది.

ఇంతకీ ఆ వెంట్రుకలు ఎవరివి? నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. పాలిట్రైకమ్‌లో ఆడమొక్క, మగమొక్క వేరు. వాననీటిలో ఈదుకుంటూ వచ్చిన మగకణం ఆడమొక్కలోని అండాన్ని కలిశాక, పిల్ల తల్లి తల మీదే మొలుస్తుంది. అది కాడగా సాగి పైకి లేచేటప్పుడు, తనను పొదువుకున్న తల్లి పొరను చింపుకుని నెత్తిన మోసుకుపోతుంది. వెంట్రుకలు ఆ పొరవే. కాబట్టి టోపీ తల్లిది, తల పిల్లది. లేత కొస ఎండిపోకుండా కాపాడటం దాని పని. పని తీరాక టోపీ రాలిపోతుంది. లోపల నాలుగు పలకల చిన్న గుళిక, దాని అంచున 64 పళ్లు. గాలికి కాడ ఊగినప్పుడల్లా మిరియాలపొడి డబ్బా కుదిపినట్టు పళ్ల సందుల్లోంచి సిద్ధబీజాలు, అంటే విత్తనాల పని చేసే పొడిలాంటి కణాలు, రాలతాయి.

సాధారణంగా పాచి అంటే కొద్ది అంగుళాలకు మించి ఎదగదు. పాలిట్రైకమ్‌లో ఒక రకమైన పాలిట్రైకమ్ కమ్యూన్ మాత్రం 40 సెంటీమీటర్ల దాకా పెరగగలదు. కాండం మధ్యలో నీటిని మోసే గట్టి పోగు ఉండటమే కారణం. ఆ గట్టిదనాన్ని మనుషులు బాగా వాడుకున్నారు. 1732లో ఉత్తర ఐరోపాలోని లాప్‌లాండ్ తిరిగిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్, అక్కడివాళ్లు ఈ పాచిని పరుపుగా పరుచుకోవడం గురించి రాశాడు. ఇంగ్లండ్ ఉత్తరాన విండోలాండా రోమన్ కోటలో, గాలి చొరని తడిమట్టిలో, దీని కాండాలతో అల్లిన తలపాగాలాంటిది దొరికింది. దానికి పొడవాటి అంచు వేలాడుతుంటుంది. విగ్గని కొందరంటారు, దోమల్లాంటి చిన్న ఈగల్ని తోలే టోపీ అని ఇంకొందరు. జుట్టు పేరున్న మొక్క 1,900 ఏళ్ల కిందటే ఒకరి నెత్తికెక్కిందన్నమాట!

మన తలనూనెల్లో వేసే జటామాంసి పేరులోనూ జడలున్నాయి. అది పాచి కాదు, హిమాలయాల్లో 3,000 నుంచి 5,000 మీటర్ల ఎత్తున పెరిగే పూలమొక్క. నేలలో దాని దుంప చుట్టూ గోధుమరంగు పీచు చిక్కుపడి ఉంటుంది, అచ్చం సాధువు జటలాగే. ఏటేటా ఎండిపోయిన ఆకుల మొదళ్లు మిగిల్చిన నారే ఆ పీచు. సువాసన ఉన్నది దుంపలో కాబట్టి మొక్కను పెకలించి తీయాల్సిందే. అలా తవ్వీ తవ్వీ అది కొండల మీద అరుదైపోయింది. 1997 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం, ముప్పులో ఉన్న మొక్కలు, జంతువుల అమ్మకాల్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం నియంత్రణలో ఉంది.