పొగ ఎవరి ఊపిరిలోకి ఎంత పోతోంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఫోనులో హైదరాబాదు గాలి ఎంత చెడిందో చెప్పే అంకె చూసి, పల్లెల్లో ఆ బాధ లేదు కదా తాతయ్యా అన్నారు. ఆ అంకె మిషను పెట్టిన చోటి గాలిది. పల్లెల్లో వంటపొయ్యి పొగ ఉంది. అందులోని ధూళిని మనిషి ఎంత పీల్చాడో తెలియాలంటే వేరే లెక్క కట్టాలి.

నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో 412 ఇళ్లలో ఆ లెక్క కట్టారు. చెన్నైకి చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం 2004లో దాన్ని ప్రచురించింది. ఇళ్లలో మిషన్లు పెట్టి, 24 గంటల గాలిలోని సన్నటి ధూళిని పట్టి తూచారు. ఇంట్లోవాళ్లను ఏ వేళ ఎక్కడున్నారని అడిగారు. ఈ రెండూ కలిపితేనే లెక్క.

మీరూ కట్టి చూడండి. వంటింట్లో ఘనమీటరు గాలికి 600 మైక్రోగ్రాముల ధూళి ఉందనీ, బయట 60 ఉందనీ అనుకుందాం. పొయ్యి దగ్గర 4 గంటలు కూర్చుని, మిగతా 20 గంటలు బయటి గాలిలో ఉన్న తల్లికి రోజు సగటు 150. వంటింటి గడప తొక్కని తండ్రికి 60. ఇల్లు ఒక్కటే, ఊపిరితిత్తులకు చేరేది మాత్రం ఒక్కటి కాదు.

ఆ పల్లెల్లో తేలింది కూడా ఇదే. గ్యాసు ఇళ్లలో సగటు ధూళి 73 ఉంటే, కట్టెలు, పిడకల ఇళ్లలో 732 దాకా పోయింది. అందరికన్నా ఎక్కువ పీల్చింది వంట చేసే ఆడవాళ్లు, అందులోనూ 15 నుంచి 40 ఏళ్ల వాళ్లు. మగవాళ్లలో ఎక్కువ పీల్చింది 65 దాటిన ముసలివాళ్లు. పనికి పోలేక ఇంటిపట్టున ఉంటారు కదా! నన్ను బాగా కదిలించిన సంగతి ఇది. ఆ వయసులో దగ్గును ముసలితనం ఖాతాలో వేసి ఊరుకుంటాం.

దేశంలో ప్రతి ఇంటా మిషను పెట్టలేం. అందుకే కొన్ని ఇళ్లలో కొలిచి, ఏ పొయ్యి, వంటిల్లు లోపలా బయటా, గాలి ఆడుతుందా అన్న జవాబులతో దాన్ని ముడిపెట్టారు. ఇక కొలవని ఇంట్లో కూడా ఈ ప్రశ్నలు అడిగి, ధూళి ఎక్కువో తక్కువో అంచనా వేయొచ్చు. మోడల్ అంటే ఇదే. అంచనా తప్పొచ్చు కూడా. కట్టెల పొయ్యి ఉంటే ధూళి ఎక్కువని బాగానే చెప్పింది గానీ, పొయ్యిని బట్టి ఫలానా ఇంట్లో తక్కువని చెప్పడం అంత బాగా కుదరలేదు.

పసిపిల్లలకు న్యుమోనియా, పెద్దలకు ఊపిరితిత్తుల జబ్బు ఈ పొగతో ఎంత పెరుగుతాయో చెప్పడానికి డాక్టర్లకు ఇలాంటి అంచనాలు కూడా ఆధారం.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఎవరు ఏ గంటకు ఎక్కడున్నారో కాగితం మీద రాసి పంపండి. చంటిదాన్ని చంకనేసుకుని వంట చేస్తే, చంటిదాని పేరున కూడా ఆ గంటలు రాయండి.

మీ తాతయ్య